ట్రైలర్లతో కార్తీక వనభోజనాలు: ఆరు కుటుంబాల ర్యాలీ నడపడం ఎలా?

టెక్సస్‌లో ట్రైలర్లతో (ట్రక్కు వెనక లాక్కెళ్ళే చక్రాల ఇళ్ళతో) కలిసిన మా మొదటి ర్యాలీలో శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి కరెంటు పోయింది. నాలుగు ట్రైలర్లలో ఒక్కదానికే పోయింది. వంటగది పెద్దదని అందరం ఆ ట్రైలర్లోనే చేరాం. ఏసీ నడుస్తుండగానే ఇండక్షన్ పొయ్యి మీద సాంబారు పెట్టి, పక్కనే పది కప్పుల రైస్ కుక్కర్ కూడా ఆన్ చేశాం. ఏసీకి దాదాపు 1,500 వాట్లు, ఇండక్షన్‌కి 1,800, కుక్కర్‌కి 700. మొత్తం 4,000. ఆ సైటులో, అంటే క్యాంప్‌గ్రౌండులో ట్రైలర్ నిలిపే చోట, ఉన్నది 30 ఆంపుల కనెక్షన్. 120 వోల్టులతో గుణిస్తే 3,600 వాట్లు. అంతకు మించితే ఊరుకోదు. టప్పుమని బ్రేకర్ పడింది, అన్నం సగం ఉడికి ఆగిపోయింది. పక్కనే మూడు ట్రైలర్లు మనుషుల్లేకుండా, నిండు కరెంటుతో ఊరికే పడి ఉన్నాయి.

ఆ సగం ఉడికిన అన్నం దగ్గరే నాకు విషయం అర్థమైంది. మనవాళ్ళు పదిమంది ఒకచోట చేరితే సరదాకి లోటుండదు, దాన్ని ఎవరూ ప్లాన్ చేయక్కర్లేదు. ర్యాలీ చెడేది కరెంటు, నీళ్ళు, మురుగు, పార్కింగు దగ్గర. ఈ నాలుగింటికీ గట్టిగా లెక్క కట్టుకుని, మిగతా టైమంతా ఖాళీగా వదిలేయాలి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. గంట గంటకీ ఆటల షెడ్యూలు వేస్తారు గానీ మురుగు ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ముందుగా మాట తేడా ఒకటి చెప్పుకుందాం. ఎవరి దారిన వాళ్ళు వచ్చి ఒకే క్యాంప్‌గ్రౌండులో కలిస్తే అది ర్యాలీ. వరుసగా ఊరూరా కలిసి తిరిగితే క్యారవాన్. అమెరికాలో ఇది కొత్త ముచ్చటేమీ కాదు. ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ పెట్టిన వాలీ బయామ్ పేరుమీద 1955లోనే ట్రైలర్ యజమానుల క్లబ్బు మొదలైంది. 1959-60లో ఆయన వెంట కేప్‌టౌన్ నుంచి కైరో దాకా ఆఫ్రికా ఖండమంతా ట్రైలర్లతోనే వెళ్ళినవాళ్ళున్నారు. మనకి అంత వద్దు. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ వైపుండే ఆరు కుటుంబాలు రెండు రాత్రులు హాయిగా గడపడం వరకే ఇక్కడి మాట. చెప్పేదంతా టెక్సస్ అనుభవం. మీరు వేరే రాష్ట్రంలో ఉంటే పార్కు నిబంధనలు మారతాయి, పద్ధతి మాత్రం మారదు.

మొదటి అడుగు: తేదీ, చోటు

నా మాట వింటే కార్తీకమాసం పెట్టుకోండి. టెక్సస్‌లో వేసవి క్యాంపింగ్ శిక్ష. రాత్రి పదింటికి కూడా ఏసీ ఆపలేం. దీపావళి దాటాక వచ్చే వారాంతాల్లో పగలు చల్లగా, రాత్రి దుప్పటి కప్పుకునేలా ఉంటుంది. ఎలాగూ వనభోజనాల కాలం. ఉసిరి చెట్టు దొరకదు. ఇండియన్ స్టోరులో ఫ్రోజెన్ ఉసిరికాయలు కొని ఒక పళ్ళెంలో పెట్టుకుని, లైవ్ ఓక్ చెట్టు కింద కూర్చుంటాం. మా అమ్మకి మొదట్లో అది నచ్చలేదు. రెండో ఏడు ఆవిడే పళ్ళెం సర్దింది.

టెక్సస్ రాష్ట్ర పార్కుల్లో క్యాంప్‌సైట్లు 5 నెలల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. అంటే నవంబరు రెండో వారాంతం కావాలంటే జూన్ రెండో వారంలోనే కంప్యూటరు ముందు కూర్చోవాలి. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) క్యాంప్‌గ్రౌండులు చాలావాటికి ఈ గడువు 6 నెలలు. "దసరా అయ్యాక చూద్దాంలే" అన్నారంటే ఆ ఏడాదికి అయిపోయినట్టే. కార్తీకం ఏ తేదీల్లో పడుతుందో కూడా ముందే చూసుకోండి. అధికమాసం వచ్చిన ఏడాది అది డిసెంబరు దాకా జరుగుతుంది, థాంక్స్‌గివింగ్ మధ్యలో వచ్చి పడుతుంది.

చోటు ఎంచుకునేటప్పుడు దూరం చూడండి. ట్రైలర్లవాళ్ళలో మూడు మూళ్ళ లెక్క ఒకటుంది. రోజుకి 300 మైళ్ళు దాటకూడదు, మధ్యాహ్నం 3 గంటలకల్లా చేరాలి, 3 రాత్రులు ఉండాలి. ఉద్యోగాలవాళ్ళం కాబట్టి మూడో రాత్రి దొరకడం కష్టమే. మొదటి రెండూ మాత్రం పాటించండి. డాలస్‌వాళ్ళకి దాదాపు 200 మైళ్ళు, ఆస్టిన్‌వాళ్ళకి 60 మైళ్ళ చిల్లరలో ఉండే ఇంక్స్ లేక్ మాకు అలాగే కుదిరింది. బర్నెట్ దగ్గర గులాబిరంగు రాళ్ళ మధ్య చెరువు. టెక్సస్‌లో చాలా చెరువులు ఎండల్లో ఎండి బురద తేలతాయి గానీ దీని నీటిమట్టం ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది. పిల్లలకి పడవలు, పెద్దలకి లాంగ్‌హార్న్ గుహ, రెండూ పక్కపక్కనే. తూర్పు వైపువాళ్ళు ఎక్కువగా ఉంటే పైన్ చెట్ల నీడలో ఉండే టైలర్ స్టేట్ పార్కు మేలు.

బుకింగు రోజున ఒక్కరే ఆరు సైట్లూ పట్టుకుంటాననుకోవద్దు. ఎవరి సైటు వాళ్ళే, ఒకే నిమిషంలో, ముందే అనుకున్న నంబరుతో బుక్ చేసుకోవాలి. పార్కు మ్యాపు వాట్సాప్‌లో పెట్టి "23 నీది, 24 నాది" అని ముందురోజే పంచుకోండి. ప్రతివాళ్ళకీ రెండేసి ప్రత్యామ్నాయ నంబర్లు కూడా ఇవ్వండి. ఒకరికి వరుసలో దొరక్కపోతే అటువైపు దొరికినా సరేనని ముందే అనుకుంటే అలకలుండవు.

రెండో అడుగు: ఎవరెవరు, ఏం తెస్తున్నారు

ఆరు ట్రైలర్లు దాటనివ్వకండి. ఎనిమిది అయ్యాయంటే గుంపు రెండు ముక్కలవుతుంది. టెక్సస్ రాష్ట్ర పార్కుల్లో సైటుకి 8 మందికి మించి ఉండకూడదన్న నియమం కూడా ఉంది. ట్రైలర్ లేని స్నేహితులు శనివారం భోజనానికి వస్తామంటారు. రానివ్వండి గానీ, వాళ్ళు పగటి సందర్శకుల పాసు తీసుకోవాలని, వాటి బుకింగు 30 రోజుల ముందు మొదలవుతుందని చెప్పండి. మంచి వాతావరణం ఉన్న వారాంతంలో పార్కు నిండిపోతే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు. పులుసు గిన్నె ఒళ్ళో పెట్టుకుని 60 మైళ్ళు వచ్చినవాళ్ళని వెనక్కి పంపితే ఆ మాట జన్మంతా వినాలి.

ప్రతి కుటుంబం నుంచీ ఈ వివరాలు రాయించుకోండి: హిచ్‌తో (ట్రక్కుకి తగిలించే భాగంతో) కలిపి ట్రైలర్ పొడవు, 30 ఆంపులా 50 ఆంపులా, స్లైడ్ (గోడ బయటికి జరిగే భాగం) ఏ వైపు తెరుచుకుంటుంది, గ్రే ట్యాంకు (సింకు, షవరు నీళ్ళు చేరేది) ఎన్ని గ్యాలన్లు, మనుషులెందరు, కుక్క ఉందా, ఎవరికైనా వేరుశెనగ పడదా. పొడవు అడిగితే చాలామంది బ్రోషరులో మోడల్ పేరు పక్కన ఉన్న అంకె చెప్తారు. 25 అని చెప్పిన ట్రైలర్ నాలుక (ట్రక్కుకి తగిలే ముందు కొస) నుంచి బంపరు దాకా కొలిస్తే 29 అడుగులు తేలింది ఒకసారి. దానికి తోడు లాగే ట్రక్కు పెట్టడానికీ జాగా కావాలి కదా.

డబ్బు విషయం రెండు ముక్కల్లో తేల్చేయొచ్చు. సైటు అద్దె ఎవరిది వాళ్ళే. ఉమ్మడి సరుకులకు ఒక్కరే ఖర్చు పెట్టి, పెద్దలని తలకి ఒకటిగా, పిల్లల్ని సగంగా లెక్కేసి ఆదివారం రాత్రికల్లా పంచేయాలి. వారం ఆగితే అడగడానికి మొహమాటం మొదలవుతుంది.

మూడో అడుగు: దారి

కాన్వాయ్‌లా వెళ్ళొద్దు. ఆరు ట్రైలర్లు ఒకదాని వెనక ఒకటి వెళ్తుంటే మధ్యలోకి ఏ కారూ దూరలేదు, వెనకవాళ్ళు తొందరలో సిగ్నల్ దాటేస్తారు. ఎవరి టైముకి వాళ్ళు బయలుదేరి, రెండు మూడు చోట్ల కలుసుకుంటే చాలు. మేము 281 నంబరు హైవే మీద హైకో దగ్గర ఒకసారి, లాంపాసస్ దగ్గర ఒకసారి ఆగుతాం. ట్రైలర్ లాగుతున్నప్పుడు మైలేజీ గ్యాలన్‌కి 8 నుంచి 12 మైళ్ళే వస్తుంది. కాబట్టి ఆగే చోట్లు పెట్రోలు బంకులే అయితే మంచిది, ట్రైలర్ తిప్పుకునే స్థలం ఉండాలి.

ఇంక్స్ లేక్ ఉన్న కొండల ప్రాంతం, హిల్ కంట్రీలో ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. ఎఫ్ఆర్ఎస్ వాకీటాకీలకు లైసెన్సు అక్కర్లేదు. ఇంకాస్త శక్తిగల జీఎంఆర్ఎస్ రేడియోకి 35 డాలర్లతో 10 ఏళ్ళ లైసెన్సు ఇస్తారు, పరీక్ష లేదు, ఇంటిల్లిపాదికీ అదే చెల్లుతుంది. క్యాంపులో పిల్లలు చెరువు దగ్గరికి వెళ్ళినప్పుడు ఇవే పనికొస్తాయి.

బయలుదేరే ముందు టైర్ల గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ట్రైలర్ టైర్లు చాలావాటికి గంటకి 65 మైళ్ళే గరిష్ఠ వేగం. ట్రక్కు 80 లాగగలదు కదా అని తొక్కితే టైరు ఊరుకోదు. నాలుక మీద పడే బరువు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. మనవాళ్ళు చేసే తప్పేమిటంటే బియ్యం బస్తా, నీళ్ళ కేసులు, ఇడ్లీ గ్రైండరు అన్నీ వెనక అరల్లో సర్దేస్తారు. ముందు తేలికై, వెనక బరువై, లారీ పక్కనుంచి దాటగానే ట్రైలర్ పాములా ఊగుతుంది. బరువైనవి ఇరుసులకి కాస్త ముందుగా, నేల మీద పెట్టండి.

నాలుగో అడుగు: చేరడం, వెనక్కి పెట్టడం

ర్యాలీలో కాపురాలకు పరీక్ష ఇక్కడే. చాలా పార్కుల్లో సైటు మధ్యాహ్నం 2 గంటల తర్వాతే ఇస్తారు. అందరూ మూడింటికే దిగితే ఒకే రోడ్డు మీద ఆరు ట్రైలర్లు నిలబడిపోతాయి, మిగతా క్యాంపర్లు మనల్ని ఒక చూపు చూస్తారు. 20 నిమిషాల తేడాతో రమ్మనండి. రోడ్డు చివరనున్న సైటువాళ్ళు ముందు, గేటు దగ్గరివాళ్ళు ఆఖర్న. కొత్తగా కొన్నవాళ్ళకి వెలుతురు బాగా ఉండే టైము ఇవ్వండి.

ట్రైలర్ వెనక్కి పెట్టేటప్పుడు జరిగేది మీకూ తెలిసే ఉంటుంది. డ్రైవరు అద్దంలో చూస్తుంటాడు. వెనక భార్య "ఇటు, ఇటు" అంటుంది. ఆవిడ ఇటు ఆయనకి అటు. బావగారు "రైట్ రైట్, రానీ" అని ఊరి బస్సు క్లీనరులా అరుస్తుంటారు. ఆ రైట్ కుడి అనుకుని ఆయన స్టీరింగ్ తిప్పేస్తాడు. అవతల కరెంటు స్తంభం.

మేము పెట్టుకున్న పద్ధతి ఇది. చెప్పేవాళ్ళు ఒక్కరే. మిగతావాళ్ళు నోరెత్తితే ఆ రాత్రి అంట్లు వాళ్ళవే. కుడి ఎడమ అన్న మాటలు లేవు. "డ్రైవర్ వైపు", "ప్యాసింజర్ వైపు" మాత్రమే. ట్రైలర్ వెనక భాగం ఎటు వెళ్ళాలో ఆ వైపే చెప్పాలి. డ్రైవరు చెయ్యి స్టీరింగుకి కింది భాగంలో, గడియారంలో ఆరు ఉండే చోట పట్టుకోవాలి. అప్పుడు చెయ్యి ఎటు కదిలితే ట్రైలర్ తోక అటే పోతుంది, తలకిందుల లెక్క అక్కర్లేదు. చెప్పేవాళ్ళు అద్దంలో కనిపించకపోతే వెంటనే ఆపేయాలి. "ఆగు" అన్న మాట ఎవరు అన్నా, చిన్నపిల్లలు అన్నా, బ్రేకు పడాల్సిందే. సందేహం వస్తే దిగి, చుట్టూ నడిచి, పైకి కూడా చూసి మళ్ళీ ఎక్కాలి. దిగి చూడటంలో నామోషీ లేదు. ఏసీ కవరుకి కొమ్మ తగిలితే మాత్రం చాలా ఉంది.

ఆగాక వరుస తప్పకుండా: లెవెల్ చేయడం, చక్రాలకు అడ్డు పెట్టడం, ఆ తర్వాతే హిచ్ విప్పడం. అడ్డు పెట్టకుండా విప్పిన ట్రైలర్ పల్లంలో తనంతట తనే కదులుతుంది. నీళ్ళ పైపుకి 40 నుంచి 60 పీఎస్ఐ మధ్య ఆపే రెగ్యులేటరు పెట్టండి. పార్కు కుళాయిల ఒత్తిడి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

ఐదో అడుగు: వంట

ముందు కరెంటు లెక్క. ఆరు ట్రైలర్లంటే ఆరు బ్రేకర్లు. అన్నం ఒక ట్రైలర్లో, పప్పు మరో దాంట్లో, కాఫీ మూడోదాంట్లో. 50 ఆంపుల సైటులో 120 వోల్టుల తీగలు రెండు వస్తాయి కాబట్టి 12,000 వాట్ల దాకా దొరుకుతుంది. అలాంటి ట్రైలర్ ఉన్నవాళ్ళకే ఇండక్షన్ పొయ్యి అప్పగించండి. 30 ఆంపుల ట్రైలర్‌కి అడాప్టరు పెట్టి 50లో గుచ్చినా దానికి దక్కేది 3,600 వాట్లే. కుక్కర్ పెట్టే ముందు వాటర్ హీటరుని కరెంటు మీద నుంచి గ్యాసుకి మార్చమని చెప్పండి. అదొక్కటే 1,400 వాట్లు తాగుతుంది.

పోపు ట్రైలర్ లోపల వేయొద్దు. ఎండుమిర్చి చిటపటమనగానే పొగ అలారం మోగుతుంది. అది మోగి ఆగిపోతుంది గానీ ఇంగువ వాసన సోఫా గుడ్డల్లో సంక్రాంతి దాకా ఉంటుంది. గ్యాసు సిలిండరుతో బయట పెట్టుకునే పెద్ద పెనం ఒక్కటి గుంపులో ఎవరికో ఒకరికి ఉంటే చాలు, దాని మీద ఒకేసారి ఆరు దోసెలు వేయొచ్చు. పిండి ఇంట్లోనే రుబ్బి, మూత గట్టిగా ఉండే డబ్బాలో సగానికే పోసి, ఐసు పెట్టెలో తెండి. మెత్తటి ఎండలో పిండి పొంగి డబ్బా మూత లేపిన చరిత్ర మాకుంది.

ఎవరేం తేవాలో పేరు పెట్టి చెప్పాలి. "ఏదో ఒకటి తీసుకురండి" అంటే అందరూ పులిహోరే తెస్తారు. ఒక ఏడు మా పిక్నిక్ బల్ల మీద ఐదు పులిహోరలు, ఒక చిప్స్ ప్యాకెట్టు ఉన్నాయి. నిమ్మకాయ, చింతపండు, మామిడి, దబ్బకాయ, ఇంకొకటి దేనిదో ఇప్పటికీ తేలలేదు. శుక్రవారం రాత్రికి ఎవరిది వాళ్ళు, శనివారం మధ్యాహ్నం అసలు వనభోజనం, ఆదివారం పెరుగన్నం, పచ్చడి లాంటి తేలికైనవి. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే ఆడవాళ్ళు మూడు రోజులూ పొయ్యి దగ్గరే ఉంటారు. వాళ్ళు వచ్చింది చెరువు చూడటానికి. దోసెల పెనం మగవాళ్ళకి అప్పగించండి, బయట పనే కదా.

మందు గురించి ముందే చెప్పేయండి. టెక్సస్ రాష్ట్ర పార్కుల్లో బహిరంగంగా తాగడం నిషేధం. దీపాల మాట కూడా అంతే. ఎండు కాలంలో కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) మంటల మీద నిషేధం పెడతాయి. వత్తుల దీపం పెట్టుకోవచ్చా అని పార్కు ఆఫీసులో అడిగి, వద్దంటే బ్యాటరీ దీపాలు పెట్టుకోండి. చెరువులో దీపాలు వదలకండి.

ఆరో అడుగు: నీళ్ళు, ట్యాంకులు

ఇంట్లోలా అంట్లు తోమితే శనివారం మధ్యాహ్నానికే గ్రే ట్యాంకు నిండుతుంది. ట్యాంకులు ఎక్కువగా 30, 40 గ్యాలన్లవి. మామూలు షవరు నిమిషానికి 2 గ్యాలన్ల పైనే పోస్తుంది. నలుగురు ఐదేసి నిమిషాలు పోసుకుంటే అక్కడికే 40. స్నానాలకి పార్కు బాత్‌రూములకు వెళ్ళండి. పళ్ళేల్లో మిగిలిన పప్పు, పులుసు, నూనె కాగితంతో తుడిచి చెత్తలో వేశాకే కడగండి. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి ట్యాంకులోకి పోతే రెండో రోజుకి పులిసి, సింకు లోంచి వచ్చే వాసనకి ట్రైలర్లో కూర్చోలేం. అడ్డాకు విస్తళ్ళు తెచ్చుకుంటే ఈ బాధే లేదు, వనభోజనానికి అవే అందం.

డంప్ స్టేషన్ దగ్గర ఒక్కో ట్రైలర్‌కి 10 నుంచి 15 నిమిషాలు పడుతుంది. ఆరుంటే గంట పైన. పార్కంతా ఆదివారం మధ్యాహ్నం 12కే ఖాళీ చేస్తుంది కాబట్టి ఆ వరుస ఇంకా పెద్దది. మీలో ఇద్దరిని ఉదయం 9కి పంపించేయండి, మరో ఇద్దరిని పదింటికి. ఎవరి ట్రైలర్ అయినా బ్లాక్ ట్యాంకు (టాయిలెట్‌ది) ముందు వదిలి, గ్రే తర్వాత వదలాలి. సబ్బు నీళ్ళు పైపుని కడిగేస్తాయి. చేతి తొడుగులు డంప్ పైపుతోనే ఒక డబ్బాలో ఉండాలి, తాగునీటి పైపు ఉన్న అరలో కాదు.

ఏడో అడుగు: కార్యక్రమం

పెద్దగా ఏమీ పెట్టకండి. శనివారం మధ్యాహ్నం వనభోజనం, సాయంత్రం అందరూ ఒక చోట, అంతే. రాత్రి పదింటి నుంచి నిశ్శబ్దం పాటించాలి, కాబట్టి అంత్యాక్షరి ఎనిమిదికే మొదలెట్టండి. పిల్లల్ని సైకిళ్ళ మీద వదిలేయండి. ఎవరి ట్రైలర్లో వాళ్ళు మధ్యాహ్నం రెండు గంటలు పడుకునే హక్కు ఉండాలి. ఎవరి ఇల్లు వాళ్ళ వెంటే ఉంది కదా, హోటల్లో కలుసుకోవడానికీ దీనికీ తేడా అదే. తలుపు మూసి ఉంటే తట్టకూడదని చెప్పండి. మన గుంపుల్లో ఈ ఒక్క నియమం అలవాటు కావడానికి రెండేళ్ళు పట్టింది.

వాతావరణం చెడితే

రాత్రి పడుకునే ముందు ఆనింగులన్నీ (ట్రైలర్ పక్కన పరిచే గుడ్డ పందిళ్ళు) చుట్టేయాలి. అర్ధరాత్రి వచ్చే గాలికి మొదట విరిగేది అదే. సుడిగాలి హెచ్చరిక వస్తే ట్రైలర్లో ఉండకూడదు. గోడలున్న బాత్‌రూము భవనం ఎక్కడుందో చేరిన రోజే పిల్లలకి కూడా నడిపించి చూపించండి. దారిలో కల్వర్టు మీదుగా నీళ్ళు పారుతుంటే, ఎంత తక్కువగా కనిపించినా, వెనక్కి తిరగండి. ట్రైలర్‌తో వెనక్కి తిరగడం కష్టమే. అందుకే వాన కురిసిన రోజు చిన్న రోడ్ల జోలికి పోవద్దు.

ఆదివారం

బయలుదేరే ముందు ప్రతి ట్రైలర్ చుట్టూ ఇంకో కుటుంబం వాళ్ళు తిరిగి చూడాలి, యజమాని కాదు. మన కంటికి మన తప్పు కనపడదు. మెట్లు, ఆనింగు, యాంటెన్నా, గొలుసులు, వెనక లైట్లు, కరెంటు తీగ. తీగ గుచ్చి ఉండగానే బయలుదేరినవాళ్ళని చూశాను. నేనే ఆ మనిషిని. 25 మైళ్ళు వెళ్ళాక ఒకసారి ఆగి హిచ్, చక్రాల నట్లు మళ్ళీ చూసుకోండి.

గిన్నెల సంగతి చివర్లో. మన అమ్మలు స్టీలు గిన్నెల మీద పేర్లు ఎందుకు చెక్కించేవాళ్ళో ఇక్కడ తెలుస్తుంది. మాస్కింగ్ టేపు మీద సైటు నంబరు రాసి అడుగున అంటించండి. అందరూ కదిలే ముందు దొరికినవన్నీ ఒకే పిక్నిక్ బల్ల మీద పరిస్తే ఎవరివి వాళ్ళు తీసుకుంటారు. ఎంత చేసినా కుక్కరు విజిలు ఒకటి మిగులుతుంది. పోయినేడు మిగిలింది మా ట్రైలర్ డ్రాయరులోనే ఉంది, ఎవరూ తమదని ఒప్పుకోలేదు.